బొంతకి పాత చీరే కావాలి

మా ఇంట్లో చీర పాతబడిందంటే దాని పని అయిపోయినట్టు కాదు. కొత్తలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ కట్టేవాళ్లు. కాస్త రంగు దిగాక ఇంట్లో కట్టుకునేవాళ్లు. కుచ్చిళ్ల దగ్గర పలచబడ్డాక అది నాయనమ్మ చేతికి వచ్చేది. వసారాలో వెలుగుకెదురుగా నిలబడి రెండు చేతులతో ఎత్తిపట్టి చూసేది. ఎక్కడ ఇంకా గట్టిగా ఉందో, ఎక్కడ జల్లెడ పడిందో చూసుకుని, అంచులు చర్రున చింపి ఉండ చుట్టి, నడిమి గుడ్డ మడతపెట్టి భోషాణంలో వేసేది. ఎండాకాలానికి ఆ భోషాణం మూత పడనంత నిండితే ఇక బొంతలు మొదలన్నమాట.

గుడివాడకి దగ్గర్లో కాలవ గట్టునే ఉంటుంది మా ఊరు. నేను చెప్పేది 1970ల నాటి సంగతి. ఉన్నవాళ్లు బొంతని పరుపు మీద పరిచేవాళ్లు, లేనివాళ్లకి పరుపూ దుప్పటీ అన్నీ అదే. నులక మంచం మీద బొంత వేస్తేగానీ తాళ్లు ఒంటికి గుచ్చుకోకుండా నిద్ర పట్టేది కాదు. ధనుర్మాసం చలికి కప్పుకునేది, వేసవిలో ఆరుబయట మంచాల మీదకి ఎక్కేది, ఊరికి బండి కట్టుకుని వెళ్తే బండిలో గడ్డి మీద పరుచుకునేది కూడా బొంతే.

ఆవకాయ జాడీలకి వాసెన కట్టేసి, వడియాలు ఎండి డబ్బాల్లోకి ఎక్కాక ఆడవాళ్లకి మధ్యాహ్నాలు కొంచెం తీరిక దొరికేది. భోజనాలయ్యాక వసారా తుడిచి, చాపలు పరిచి, వాటి మీద అడుగు చీర వేసేవాళ్లు. ముడత లేకుండా లాగి నాలుగు మూలలా బరువులు పెట్టేవాళ్లు: ఓ మూల పచ్చడి బండ, ఇంకో మూల కత్తిపీట, మిగతా రెండు మూలలకీ మాలాంటి పిల్లలు. లోపలి పొరల్లోకి తాతయ్య పంచెలూ నాన్న గళ్ల లుంగీలూ వెళ్లేవి. చిరిగిన చోట చిరుగు మీద చిరుగు పడకుండా పేర్చడంలోనే పనితనమంతా ఉందని నాయనమ్మ నమ్మకం. ఒక పొరలో చిల్లు ఉన్న చోట పైపొరలో గట్టి గుడ్డ రావాలి. అన్నిటికన్నా పైన కాస్త మంచి రంగున్న చీర. ముందు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసి పొరలు కదలకుండా బిగించి, అప్పుడు అసలు కుట్టు మొదలుపెట్టేవాళ్లు.

ఎదురింటి పెద్దమ్మ, పక్కింటి అత్తయ్య, మా అమ్మ, చిన్న పిన్ని, నాయనమ్మ. నాలుగు వైపులా కూర్చుని అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. పొద్దున ఎవరింట్లో ఏం గొడవ జరిగినా మధ్యాహ్నానికి అందరూ ఒకే బొంత చుట్టూ చేరాల్సిందే. గూట్లో రేడియో, విజయవాడ కేంద్రం. ఆదివారమైతే మూడింటికి నాటకం వచ్చేది. నాటకంలో ఏడుపు ఘట్టం వస్తే సూదులన్నీ ఒక్కసారి ఆగేవి. అది అయ్యాక ముక్కులు చీదుకుని మళ్లీ మొదలు.

సూదుల్లో దారం ఎక్కించడం మా పని. మేమంటే నేను, నా ఇద్దరు స్నేహితురాళ్లు. ముగ్గురిదీ ఒకే వీధి, ఒకే బడి, ఒకే తరగతి. పెద్దవాళ్లకి చూపు ఆనదు కాబట్టి మేం పక్కన కూర్చుని, దారం కొస నాలిక మీద తడిపి, కొనదేర్చి ఎక్కించి ఇచ్చేవాళ్లం. దారాన్ని మైనం ముద్ద మీద ఒకసారి లాగితే చిక్కు పడదు. "మూరెడు దారం పెట్టండే. బారెడు పెడితే చిక్కు పడుద్ది, చెయ్యి కూడా నొప్పెడుద్ది," అనేది నాయనమ్మ. మేం కుడితే ఊడదీసేది కాదు. "ఉండనీ, ఈ ఏడు కుట్టు వంకర, వచ్చే ఏటికి అదే తిన్నగా వస్తది," అని వదిలేసేది. అందుకే మా ఇంటి పాత బొంతల్లో ఒక మూల కుట్లు బియ్యపు గింజల్లా వరసగా ఉంటే, ఇంకో మూల ఇష్టమొచ్చినట్టు పోతుంటాయి.

ఆ కుట్టు చూడ్డానికి మామూలు నిలువు కుట్టే. సూది పొరలన్నీ దాటి అడుగుకి దిగాలి, దిగినట్టు ఎడమచేతి చూపుడువేలికి తెలియాలి. వేలు బొంత కింద పెట్టుకుని, సూది మొన తగలగానే దాన్ని పైకి తిప్పి పంపాలి. కంటికి కనపడదు, వేలికే తెలుస్తుంది. నాయనమ్మ చూపుడువేలి కొసన ఎప్పుడూ సన్నటి నల్లచుక్కలు ఉండేవి. పసుపు రాసినా, చింతపండుతో అంట్లు తోమినా పోయేవి కాదు. అన్నం కలిపి మాకు ముద్దలు పెట్టేటప్పుడు ఆ గరుకు పెదవికి తగిలేది.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను మా ఊళ్లోనూ పాకల కప్పులు లేపేసింది, కొబ్బరిచెట్లు పడగొట్టింది. రాత్రంతా గాలి. పెద్దవాళ్లు తలుపులకి అడ్డంగా గడియలు వేసి, వాటికి వీపులానించి కూర్చున్నారు. మాకైతే అంతటితో పోయింది. దివిసీమ సంగతి తెలియడానికి రోజులు పట్టింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి అని పేర్లు వినపడటం మొదలైంది. తాటిచెట్టంత ఉప్పెన వచ్చి ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయనీ, వేలమంది చచ్చిపోయారనీ చెప్పుకునేవాళ్లు. కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి బియ్యం, బట్టలు, గిన్నెలు పోగుచేసి లారీలో వేశారు.

మా గుమ్మంలోకి రాగానే నాయనమ్మ లోపలికి వెళ్లి బొంతలన్నీ తెచ్చి అరుగు మీద పెట్టింది. అన్నీ అంటే అన్నీ. తను పడుకునే బొంత కూడా. అమ్మ గొంతు తగ్గించి, "అత్తయ్యా, పిల్లలకి రెండన్నా ఉంచుదామండీ, చలి ముదురుతోంది" అంది. "మనకి పైన కప్పుందిగా," అంది నాయనమ్మ. అంతే. ఆ చలికాలం మేం గోనెపట్టాల మీద చీరలు పరుచుకుని పడుకున్నాం. తరవాతి వేసవికి భోషాణంలో గుడ్డే లేదు, చీరలు కూడా ఆ లారీలోనే వెళ్లిపోయాయి కదా. అందరిళ్లలోనూ అదే పరిస్థితి. ఇంటికొక్క చీర చొప్పున తెచ్చి, వీధి మొత్తానికి కలిపి కుట్టడం మొదలుపెట్టారు. ఎవరింట్లో పసిపిల్లలుంటే ముందు వాళ్లకి. ఆ వేసవిలో మా వసారాలో కూర్చున్నంత మంది ఆడవాళ్లని నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ముగ్గురు పిల్లలం సూదులు అందించలేక సతమతమైపోయాం.

పసిపిల్లల బొంతలకి వేరే లెక్క ఉండేది. పుట్టిన బిడ్డకి కొత్తగుడ్డ కట్టకూడదు, పాతదే కట్టాలి అంటారు కదా. శాస్త్రం సంగతి పక్కన పెడితే అందులో బోలెడు మంచి ఉంది. ఏళ్లపాటు ఉతికి ఉతికి మెత్తబడిన నేతగుడ్డ కన్నా మెత్తనిది ఇంకేదీ ఉండదు. గంజి పోయి ఉంటుంది, రంగు దిగాల్సినంత దిగి ఉంటుంది, తడి ఇట్టే పీలుస్తుంది. కూతురు పురిటికి వస్తోందంటే ఆ ఇంట్లో ఏడో నెల నుంచే చిన్న చిన్న బొంతలు తయారయ్యేవి. పురుడయ్యాక పెరట్లో దండెం నిండా అవే. మా చిన్న పిన్ని పురిటికి వచ్చినప్పుడు మేం ముగ్గురం మా సొంత చేతుల్తో ఒక పొత్తి బొంత కుట్టాం. అంచుకి నా పాత పరికిణీ తాలూకు ఎర్ర పట్టీ. దాంట్లో పడుకున్న మా పిన్ని కొడుక్కి ఇప్పుడు నలభై దాటాయి. వాడు ఇంటికొస్తే నేను ఇప్పటికీ ఆ మాట చెప్పకుండా పంపను.

బొంత ఉతకడం కూడా ఒక పెద్ద పనే. నీళ్లు పీలిస్తే ఒక్కరు ఎత్తలేరు. కాలవ రేవులో నానబెట్టి, బండ మీద కాళ్లతో తొక్కి, చెరో కొస పట్టుకుని ఎదురుబొదురుగా మెలిపెట్టి పిండాలి. ఒకరు అటు తిప్పితే ఒకరు ఇటు. చెయ్యి జారిందా, ఎదుటి మనిషి వెళ్లి నీళ్లలో పడాల్సిందే. ఆరాక దానికి వచ్చే ఎండ వాసన, ముడతలు పడి లేచిన ఆ గరుకుదనం, నాకు తెలిసిన ఏ దుప్పట్లోనూ లేవు.

ఇవన్నీ ఎప్పుడు పోయాయో నేను గుర్తుపట్టగలను. మొదట నైలెక్సు చీరలొచ్చాయి, నాన్నగారికి టెర్లిన్ చొక్కాలొచ్చాయి, తరవాత పూనం చీరలు. ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు, రంగు పోదు. ఆడవాళ్ల చాకిరీ సగం తగ్గించాయి కాబట్టి వాటిని నేను తప్పుపట్టను. కానీ అవి పాతబడవు. చెమట పీల్చవు, మెత్తబడవు, పొరలు పేరిస్తే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. వాటిని బొంత కుడితే వేసవిలో ఒళ్లు ఉడికిపోతుంది. నాయనమ్మ ఒకసారి నైలెక్సు చీర చేత్తో నలిపి చూసి, "ఇది మనిషికి అలవాటు పడదే," అని పక్కన పెట్టేసింది.

అదే రోజుల్లో వీధుల్లోకి స్టీలు సామాన్లవాళ్లు వచ్చారు. పాత బట్టలిస్తే గిన్నెలిస్తారు. ఇన్ని చీరలకి ఒక టిఫిను క్యారియరు, జరీ అంచుంటే ఒక బేసిను. గంటసేపు గుమ్మంలో బేరం. మిగిలిన నేత చీరలు కూడా అలా ఇత్తడి చెంబుల వెనకే వెళ్లిపోయాయి. మా అమ్మ దగ్గర ఆ రోజుల నాటి స్టీలు డబ్బా ఒకటి ఇంకా ఉంది. అందులో పోపుగింజలు పోస్తుంటే నాకు గుర్తొచ్చేది గింజలు కాదు, ఆవిడ మెంతిరంగు వాయిలు చీర. 1980ల చివరికి మా వీధిలో బొంత కుట్టేవాళ్లే లేరు. సోలాపూరు దుప్పట్లు, రగ్గులు కొనుక్కున్నాం. నాయనమ్మ కూడా అప్పటికి వెళ్లిపోయింది.

మేం ముగ్గురం గుడివాడ ఏఎన్నార్ కాలేజీలో చదివాక తలోదారీ అయ్యాం. నేను పెళ్లయి విజయవాడ వచ్చాను. ఒకతి ఊళ్లోనే ఉండి టీచరుగా చేసింది. ఇంకొకతి అమెరికా వెళ్లి హ్యూస్టన్‌లో స్థిరపడింది. ఉత్తరాలు, తరవాత ఫోన్లు, మధ్యలో ఏళ్లకేళ్లు ఏమీ లేవు. మమ్మల్ని మళ్లీ దగ్గర చేసింది బొంతే అంటే వినేవాళ్లకి వింతగా ఉంటుంది.

హ్యూస్టన్‌లో ఏటా చలికాలం ముందు పెద్ద క్విల్టుల పండగ జరుగుతుంది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. అక్కడున్న మా స్నేహితురాల్ని పక్కింటి పెద్దావిడ ఒకసారి ఆ పండక్కి తీసుకెళ్లింది. ఆ రాత్రే నాకు ఫోను. "ఒసేయ్, ఇక్కడ బొంతల్ని గోడలకి వేలాడదీసి లైట్లు వేసి చూపిస్తున్నారే! మీ నాయనమ్మ వస్తే వీళ్లందరికీ పాఠం చెప్పేది," అంది. వాళ్లకి కూడా మూడు పొరలే. పైన ముక్కలు కలిపి కుట్టింది, నడుమ దూదిపొర, అడుగున గుడ్డ. అయితే ముక్కల కోసం కొత్తగుడ్డనే 18 అంగుళాలకి 22 అంగుళాల ముక్కలుగా అమ్ముతారట. కొత్తగుడ్డ కొని, కోసి, మళ్లీ కలపడం మొదట్లో నాకు మింగుడుపడలేదు. అది పంపిన ఫొటోల్లో రంగుల కూర్పు చూశాక మాత్రం గౌరవం కలిగింది. చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఒకే క్విల్టు కుట్టే అలవాటు అక్కడా ఉందని విన్నాక ఇక పరాయితనం లేకుండా పోయింది.

ఆ తరవాత అది చెప్పిన ఇంకో విషయం నాకు నిద్ర పట్టనివ్వలేదు. అమెరికాలో, ఇంగ్లండులో పాతకాలం ఆడవాళ్లు అద్దకం బట్టల్లోంచి పువ్వులూ పిట్టలూ కత్తిరించి, తెల్లగుడ్డ మీద అతికించి క్విల్టులు కుట్టేవాళ్లట. అసలు ఆ అద్దకం బట్ట పుట్టిల్లు మన తీరమే. 17వ శతాబ్దంలో బందరు గోలకొండ రాజ్యానికి పెద్ద రేవు. అక్కడి నుంచి డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు కలంకారీ గుడ్డలు ఓడలకెత్తి తీసుకెళ్లేవాళ్లు. మంచం మీద పరుచుకోవడానికి నిలువెత్తు పూలచెట్టు వేసిన పెద్ద పెద్ద గుడ్డల్ని ప్రత్యేకంగా చేయించుకునేవాళ్లు. ఉతికినా పోని ఆ రంగులకి ఐరోపా ఎంత మోజుపడిందంటే, తమ నేతగాళ్ల బతుకు పోతుందని ఫ్రాన్సు 1686లో వాటి దిగుమతిని నిషేధించింది. 1721లో ఇంగ్లండు కూడా అద్దకపు నూలుబట్టలు కట్టుకోకూడదని, ఇంట్లో వాడకూడదని చట్టం చేసింది. అంత అపురూపమైన గుడ్డ కాబట్టే చిన్న ముక్క కూడా పారేయకుండా పువ్వు పువ్వూ కోసి కుట్టుకున్నారు.

గుడివాడలో బందరు రైలెక్కితే దారిలోనే పెడన వస్తుంది. టేకు అచ్చులతో అద్దకం ఇప్పటికీ అక్కడ జరుగుతోంది. గుడ్డని కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో నలుపు, పటికతో ఎరుపుకి పునాది. పారే నీళ్లలో జాడిస్తారు. మా నాయనమ్మ మంచి బొంతలకి అడుగున వేసేది పెడన దుప్పటినే. పెద్ద చదువులు చదివినవాళ్లు అద్దాల పెట్టెల్లో పెట్టి చూసుకునే గుడ్డకీ, మేం బండిలో గడ్డి మీద పరుచుకున్న గుడ్డకీ ఊరు ఒకటే అని తెలిసినప్పుడు నాయనమ్మ బతికుంటే ఎంత బాగుండు అనిపించింది.

అప్పటి నుంచీ మళ్లీ సూది పట్టాను. ముగ్గురం ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో కూర్చుంటాం. హ్యూస్టన్‌లో ఉన్నదానికి అప్పుడు శనివారం రాత్రి. ఒకరి మొహం ఒకరం చూసుకునేది తక్కువ, తలలొంచుకుని కుట్టుకునేదే ఎక్కువ. పిల్లల పెళ్లిళ్లు, మోకాళ్ల నొప్పులు, ఊళ్లో ఎవరు పోయారు, ఎవరింటికి కోడలొచ్చింది, అన్నీ ఆ గంటలోనే. మధ్యమధ్యలో ఎవరో ఒకరు కెమెరా ముందు కుట్టు పెట్టి "ఎలా ఉందే?" అంటారు.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఉత్తర కన్నడ జిల్లా సిద్ది తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత చూశాను. వాళ్లూ పాత బట్టలతోనే, మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట తిరుగుతూ నడిమికి వస్తారు. నాలుగు మూలలా మడతపెట్టిన ముక్కోణపు ముక్కలు పువ్వుల్లా పెడతారు, అవి లేకపోతే అది పూర్తయినట్టు కాదట. బెంగాలు కాంతా కూడా పాత చీరల పొరల మీద ఇదే నిలువు కుట్టు. ఎవరూ ఎవరికీ నేర్పకుండానే ఇన్ని చోట్ల ఆడవాళ్ల చేతులు ఒకేలా కదిలాయంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మా వారికి రిటైరయ్యాక ఒక కొత్త పని అప్పజెప్పాను. పొద్దున కాఫీ తాగుతూ నాకు సూదుల్లో దారాలు ఎక్కించి, వరసగా ఒక దిండుకి గుచ్చి పెడతారు. పేపరు చదవడానికి కళ్లద్దాలు ఎలాగూ పెట్టుకుంటారు కాబట్టి అదే ఊపులో అయిపోతుంది. ఆయన మూరెడు కన్నా పొడుగు ఎక్కించరు, నాయనమ్మ మాట చెప్పాను మరి.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. చూపు బాగా తగ్గింది. నేను కుడుతుంటే పక్కన కూర్చుని బొంత మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా జరుపుతుంది. "ఇక్కడ దారం లాగేశావు, గుడ్డ ముడుచుకుంది. వదులు చెయ్యి," అంటుంది. చూస్తే నిజమే. ఒక్కోసారి ఒక చీర దగ్గర చెయ్యి ఆపి, వేళ్లతో నలిపి, "ఇది నేత చీర కాదు, మిల్లుది. నడిమిన వెయ్యి, పైన వద్దు," అని తీర్పు చెబుతుంది.

గుడ్డ దొరకడమే ఇప్పుడు కష్టం. చుట్టాల్లో ఎవరింటికెళ్లినా పాత నేత చీరలున్నాయా అని అడుగుతున్నాను. మంగళగిరి, చీరాల, వెంకటగిరి నూలు చీరలు కట్టేవాళ్లు కొందరైనా ఉన్నారు. మా తోడికోడలు తన మంగళగిరి చీరలు రెండు నా కోసం అట్టేపెట్టింది, ఇంకో ఏడాది కట్టి ఇస్తానంది. కట్టమన్నాను. ఎంత కడితే అంత మంచిది.

ప్రస్తుతం మా టీచరమ్మ కూతురికి ఏడో నెల. పొత్తి బొంత మాది. అడుగున పెడన గుడ్డ, నడిమిన మా వారి పాత పంచె, పైన మా ముగ్గురి చీరల ముక్కలు. హ్యూస్టన్ నుంచి దాని ముక్కలు మొన్ననే వచ్చాయి. పీచు మిగలకుండా అంచులు మడిచి, ఇస్త్రీ చేసి పంపింది. నడుమ పలచగా దూదిపొర వేద్దామని దాని పట్టు, విజయవాడ ఎండకి పసిపిల్లకి దూది ఏమిటే అని నేను, అంచుకి ఎరుపే ఉండాలని టీచరమ్మ. సంక్రాంతికి హ్యూస్టన్ నుంచి అది వస్తోంది. ముగ్గురం మా ఊరి వసారాలో కూర్చుని తేల్చుకుంటాం. ఈలోగా నేను కచ్చాకుట్లు మాత్రం వేసి ఉంచుతున్నాను, దూది పెట్టాల్సి వస్తే తేలిగ్గా విప్పడానికి.